లిఫ్ట్ మెకానిక్ మెట్లెక్కాడు

సోమవారం ఉదయం ఎనిమిది నలభైకి లిఫ్ట్ మెకానిక్ మెట్లెక్కాడు.

ఆరంతస్తుల బీమా ఆఫీసు అది. ఉన్నది ఒకే లిఫ్ట్. దాన్ని చూసుకోవడానికి లిఫ్ట్ కంపెనీ తొమ్మిదేళ్లుగా రోజూ అతన్నే పంపుతోంది. శనివారం అతని రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ నూట డెబ్బై నాలుగు. వేపుళ్లు మానమని, రోజూ అరగంట ఒళ్లు కదిలేలా చూసుకోమని, మూడు నెలలకు మళ్లీ రమ్మని డాక్టరు చెప్పాడు. మిగతా చట్టాలు ఆదివారం భార్య చేసింది. నూనె సీసా అటకెక్కింది. మధ్యాహ్నం డబ్బాలోకి ఉడికించిన బీన్సు, కీరా ముక్కలు వచ్చాయి.

"రోజంతా ఆ పెట్టెలో నిలబడి ఊరేగుతారు. రేపట్నుంచి మెట్లే. నా మీద ఒట్టు," అంది.

"లిఫ్ట్ బాగుచేసేవాడు మెట్లెక్కితే నవ్వరూ?"

"నవ్వనీండి. నేను ఏడవడంకన్నా నయం."

రెండో అంతస్తు మలుపులో అకౌంటెంట్ టీ తాగుతున్నాడు. పనిముట్ల సంచీతో రొప్పుతూ వస్తున్న మెకానిక్‌ని ఆపాడు.

"ఏమయ్యా, లిఫ్ట్ పాడైందా?"

"బాగానే ఉంది సార్."

"మరి నువ్వెందుకు ఎక్కలేదు?"

"కొలెస్ట్రాల్ సార్."

అకౌంటెంట్ అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. మెకానిక్ బరువు యాభై రెండు కిలోలు. అకౌంటెంట్‌ది తొంభై నాలుగు.

"చెప్పకూడని సంగతైతే చెప్పకు. అబద్ధాలెందుకు?"

"సన్నవాళ్లకీ వస్తుందట సార్. డాక్టరే చెప్పాడు."

"వస్తుంది, వస్తుంది," అని అకౌంటెంట్ టీ సగంలో వదిలి లోపలికి వెళ్లిపోయాడు.

తొమ్మిదిన్నరకల్లా సంగతి రెండో అంతస్తు దాటింది. నాలుగో అంతస్తుకు చేరేసరికి లిఫ్ట్ తాడులో ఒక పోగు తెగింది. ఆరో అంతస్తుకు చేరేసరికి ఒక్క పోగే మిగిలింది. భోజనాల వేళకు రెండువందల మంది మెట్ల మీద ఉన్నారు.

మేనేజర్ మెకానిక్‌ని పిలిపించాడు.

"లిఫ్ట్‌కి ఏమైంది?"

"ఏమీ కాలేదు సార్."

"మరి వీళ్లంతా మెట్లెందుకు ఎక్కుతున్నారు?"

"నన్ను చూసి సార్."

"నువ్వెవర్ని చూసి ఎక్కుతున్నావు?"

"మా ఆవిణ్ణి సార్."

మేనేజర్ క్యాలెండర్ వైపు చూశాడు. "శుక్రవారంలోగా జనం లిఫ్ట్ ఎక్కాలి. లేదంటే ఇంకో మనిషిని పంపమని మీ కంపెనీకి రాస్తాను," అన్నాడు.

 మంగళవారం మెకానిక్ ఒట్టు గట్టున పెట్టి, అందరూ చూసేలా నలభైసార్లు లిఫ్ట్‌లో పైకీ కిందకీ తిరిగాడు. "పాపం, ప్రాణాలకు తెగించి పరీక్ష చేస్తున్నాడు," అన్నాడు అకౌంటెంట్. బుధవారం కంపెనీ నుంచి సర్టిఫికెట్ తెప్పించి లిఫ్ట్ తలుపు పక్కన అతికించాడు. "బాగున్నదానికి సర్టిఫికెట్ దేనికీ?" అన్నాడు అకౌంటెంట్. ఆ రోజు కూడా లిఫ్ట్ ఖాళీగానే తిరిగింది.

గురువారం ఉదయం భార్య ఫోన్ చేసింది.

"ఆయాసం లేకుండా మాట్లాడుతున్నారు. లిఫ్ట్ ఎక్కారు కదూ?"

"ఉద్యోగం పోయేలా ఉందే."

"మనిషి పోతే ఉద్యోగం ఏం చేసుకుంటారు?"

మెకానిక్ తలప్రాణం తోకకొచ్చింది. లిఫ్ట్ ఎక్కితే ఇంట్లో యుద్ధం. మెట్లెక్కితే ఆఫీసులో పుకారు. ఆలోచించగా భవనం వెనకనున్న ఇనప మెట్లు గుర్తొచ్చాయి. అగ్నిప్రమాదం జరిగితే దిగడానికి వేసినవి. ఒక మనిషి పట్టే వెడల్పు, రెండు పక్కలా గాలి. అటువైపు ఎవరూ రారు.

శుక్రవారం ఎనిమిది నలభైకి ఆ మెట్లెక్కాడు. రెండో అంతస్తు తలుపు తెరుచుకుంది. సిగరెట్ కోసం అకౌంటెంట్ బయటకు వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ముందు మెట్లుండగా ఇటు వచ్చావేం?"

"కొలెస్ట్రాల్ సార్."

అకౌంటెంట్ సిగరెట్ వెలిగించలేదు.

"అంటే, ముందు మెట్లక్కూడానా?"

"అయ్యో, వాటికేమీ లేదు సార్."

"లిఫ్ట్‌కీ ఏమీ లేదనే అన్నావు. నాలుగు రోజులుగా రెండొందల మంది తొక్కుతుంటే మెట్లు మాత్రం ఏం చేస్తాయిలే," అని అకౌంటెంట్ లోపలికి నడిచాడు.

తొమ్మిదిన్నరకల్లా ముందు మెట్లకు మూడో అంతస్తు దగ్గర బీట వచ్చింది. పదింటికల్లా ఆ బీటలో చెయ్యి పట్టేటంత సందు ఏర్పడింది. ఇనప మెట్లు ఎక్కుదామని ఇద్దరు గుమాస్తాలు వెనక్కి వెళ్లి, కిందకు చూసి తిరిగొచ్చారు.

"ఇప్పుడెలా వెళ్లడం?" అని అడిగారు.

అకౌంటెంట్ లిఫ్ట్ పక్కన అతికించిన కాగితం రెండుసార్లు చదివాడు. "దీనికి సర్టిఫికెట్ అన్నా ఉంది. మెట్లకి అదీ లేదు," అని లోపలికి వెళ్లి బటన్ నొక్కాడు.

పదకొండింటికి లిఫ్ట్ ముందు ఇరవై మంది వరసలో నిలబడి ఉన్నారు. మేనేజర్ కంపెనీకి రాసి ఉంచిన ఉత్తరం పంపలేదు. మెకానిక్ రోజూ ఇనప మెట్ల మీద వచ్చిపోయాడు. మూడు నెలల తర్వాతి పరీక్షలో అతని చెడ్డ కొలెస్ట్రాల్ నూట ఇరవై ఆరుకు దిగింది.

అకౌంటెంట్ ఇంతవరకు పరీక్ష చేయించుకోలేదు.