ఐదు లెవెళ్ల పూజారి, మూడు లెవెళ్ల దొంగ

ఆదివారం పదకొండింటికల్లా గుడి తలుపులు మూసి, స్కూటరెక్కి కడియం పోవాలన్నది శశిభూషణ్ ఆలోచన. రాజమహేంద్రవరంలో ఒక సందు చివరనున్న వేణుగోపాలస్వామి గుడికి అతను అర్చకుడు. ప్రతి ఆదివారం కడియంలో విజయ్ పాల్ నర్సరీ షెడ్డులో నలుగురు స్నేహితులు బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. ఒక్కొక్కరూ కాగితం మీద ఒక పాత్రను తయారు చేసుకోవాలి. విజయ్ పాల్ కథ చెబుతూ ఆ పాత్రలను గుహల్లోకీ కోటల్లోకీ తోలుతాడు. బతుకుతారో చస్తారో పాచికలు తేలుస్తాయి. పోయిన వారం శశిభూషణ్ వీరుణ్ని నిప్పులు కక్కే పాము మింగేసింది. ఇవాళ కొత్త పాత్రతో వెళ్లకపోతే గోడకానుకుని చూస్తూ కూర్చోవడమే.

ఈసారి సగం పూజారి, సగం దొంగ అయినవాణ్ని తయారు చేద్దామనుకున్నాడు. చిక్కంతా పుస్తకాలతో వచ్చింది. విజయ్ పాల్ దగ్గరున్నది ఆట నియమాల పాత ఎడిషన్. దాని ప్రకారం రెండు వృత్తులూ మొదట్నుంచే పట్టుకుని, రెండింటిలోనూ లెవెల్ తర్వాత లెవెల్‌గా మెల్లగా ఎదగాలి. శశిభూషణ్ కొన్నది కొత్త ఎడిషన్. అందులో కొన్ని లెవెళ్లు ఒకటి చేసి, తర్వాత రెండోదానిలోకి దూకవచ్చు. నివేదన అయ్యాక మండపంలో స్తంభానికి ఆనుకుని ఫోను చేశాడు.

"పాలూ, విను. ఐదు దాకా పూజారిగానే ఉంటాను. ఆరు నుంచి దొంగని. తాళాలు తీయడం, చప్పుడు కాకుండా నడవడం, అన్నీ మూడు లెవెళ్లలో వచ్చేస్తాయి. నీ పాత పద్ధతి నాకొద్దురా బాబూ! మొదట్నుంచీ రెండూ చేస్తే దేంట్లోనూ పైకి రాం."

స్తంభానికి అవతల పులిహోర తింటున్న గుడి గుమాస్తా శ్యాంబాబుకి ముద్ద గొంతులోనే ఆగిపోయింది. చెయ్యి కూడా కడుక్కోకుండా ధర్మకర్త హనుమంతరాజు ఇంటికి పరిగెత్తాడు. రాజుగారికి భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఇల్లు మాత్రం గుడికి ఎదురుగానే.

"రాజుగారండీ, కొంప మునిగింది! మన పంతులుగారు ఐదు దాకా పూజారంటండి. ఆరు నుంచి దొంగంటండి! తాళాలు తీయడం మూడు లెవెళ్లలో వచ్చేస్తుందంటండి!"

"ఆయన మన గుళ్లో చేరి ఎన్నేళ్లయింది?"

"మొన్న ఉగాదికి ఐదు నిండాయండి."

హనుమంతరాజు వెంటనే వీధి వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక పెట్టాడు. పావుగంటలో అది ముఠా అయింది. పంతులు ఎవరితోనో "పాలూ" అన్నాడని శ్యాంబాబు చేర్చడంతో ముఠాలో పాలవాడు కూడా చేరాడు. మూడిళ్లవాళ్లు పాలు వద్దనేసరికి, పాలు పోసే రాముడు క్యాన్లతో సహా గుడికే వచ్చి నిలదీశాడు. "ఎవడండీ నన్ను దొంగన్నది? నీళ్లు కలుపుతానన్నారు, ఊరుకున్నాను. ఇదేంటండీ?"

శశిభూషణ్ తలుపులు మూసి వెనక్కి తిరిగేసరికి నలభై మంది ఉన్నారు.

"పంతులుగారూ, ఇప్పుడు ఎన్నో లెవెల్లో ఉన్నారేంటి?" హనుమంతరాజు వ్యంగ్యంగా అడిగాడు.

శశిభూషణ్ ముఖం వెలిగిపోయింది. "ఐదండీ! మీకూ తెలుసా రాజుగారూ? ఇవాళే ఆరులోకి వెళదామని!"

"ఒప్పేసుకున్నాడు!" అని ఎవరో అరిచారు.

"ఎవరు నేర్పుతున్నారు?"

"పుస్తకం ఉందండీ." సంచిలో పంచాంగం కిందున్న లావుపాటి పుస్తకం తీశాడు. అట్ట మీద ముసుగేసుకున్న మనిషి కత్తి పట్టుకుని ఉన్నాడు. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పటికి గానీ శశిభూషణ్‌కి సంగతి బోధపడలేదు. ఉద్యోగం పోతే గుడి వెనకున్న ఇల్లూ ఖాళీ చేయాలి. దొంగ అన్న పేరు పడ్డవాణ్ని ఏ ఊళ్లో గర్భగుడిలోకి రానిస్తారు?

"అదొక ఆటండీ బాబూ!"

"దేవుడి సొమ్ముతో ఆటలా?"

శశిభూషణ్‌కి ఉక్రోషం వచ్చింది. "నగల బీరువా తాళం మీ దగ్గరే ఉంది కదా రాజుగారూ. తెరవండి. స్వామి కిరీటం ఉందో లేదో అందరూ చూస్తారు."

హనుమంతరాజు ముఖం పాలిపోయింది. "ఇప్పుడెందుకులెండి. దుర్ముహూర్తం."

"అది సాయంత్రమండీ. పొద్దున్నే చూశాను."

జనం వదల్లేదు. రాజుగారు బీరువా తెరిచారు. పట్టుగుడ్డ ఉంది. కిరీటం లేదు. నలభై జతల కళ్లూ శశిభూషణ్ మీదికి తిరిగాయి. "కిరీటం పోయింది" అని శ్యాంబాబు అప్పటికే గ్రూపులో పెట్టేశాడు. ఎవరో పోలీసులకి ఫోను కలుపుతున్నారు.

ఇంతలో రాజుగారి భార్య బుల్లెమ్మ కూరల సంచితో ఆయాసపడుతూ లోపలికి వచ్చింది.

"ఏవండీ, కిరీటం పోయిందని పెట్టారేంటి? మనింట్లోనే ఉంటేను! షష్టిపూర్తి ఫోటోలో పెట్టుకుంటానని మీరే తెచ్చారు కదండీ. ఇచ్చేసి రండని నెల్లాళ్లుగా చెబుతున్నాను!" సంచిలో వంకాయల మీంచి కిరీటం తీసి భర్త చేతిలో పెట్టింది. "ఫోటోలో బాగానే నప్పింది గానీ."

ఫోను కలుపుతున్నవాడు కట్ చేశాడు. రాముడు క్యాన్ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత జరగవలసిందంతా శాస్త్రోక్తంగా జరిగింది. శశిభూషణ్ కిరీటానికి సంప్రోక్షణ చేశాడు. తడిబట్టలతో ఎదుట కూర్చున్న రాజుగారి చేత అపరాధ క్షమాపణ మంత్రాన్ని మూడుసార్లు చెప్పించాడు. మూడోసారి ఉచ్చారణ బాగాలేదని నాలుగోసారి కూడా చెప్పించాడు. బీరువా తాళం మాత్రం జనం అక్కడికక్కడే శశిభూషణ్‌కి అప్పగించారు.

అతను కడియం చేరేసరికి మూడయింది. సంగతంతా విని జాలిపడ్డ విజయ్ పాల్ ఆ ఒక్కరోజుకీ కొత్త ఎడిషన్‌కి ఒప్పుకున్నాడు. శశిభూషణ్ పాత్ర మొదటి గదిలోనే పెట్టె తాళం తీయబోయి, తేలు కుట్టి చచ్చిపోయింది.