తేడా తీర్చిన ఇంజినీరు గారు

మా మెక్సికో దేశపు మెహికాలి లోయలో ఇకమీదట ఉప్పు సమస్య ఉండదని నీటి ఒప్పందానికి మా ప్రతినిధి ఇంజినీరు బాల్దెరాస్ గారు కాలవ గట్టున బ్యాండుమేళం మధ్య ప్రకటించారు. అదే గట్టున పంచర్లు వేసుకునే నేను ఆ ఘనకార్యాన్ని మొదట్నుంచీ కళ్ళారా చూశాను. పాఠకులకు చెప్పకపోతే పాపం.

కొలరాడో నది ఉత్తరాన అమెరికావాళ్ళ పొలాలన్నీ కడిగి, ఆ ఉప్పంతా మోసుకుని మా దగ్గరికి వస్తుంది. అందుకే ఒప్పందం. మా నీళ్ళలో ఉప్పు ఎంత ఉండాలో అందులో లేదు. వాళ్ళ డ్యామ్ దగ్గరి ఉప్పుకీ మా సరిహద్దు దగ్గరి ఉప్పుకీ తేడా ఎంతకి మించకూడదో మాత్రమే ఉంది. పెద్దవాళ్ళు ఆలోచించే రాసి ఉంటారు.

ఈ ఏడు ఎగువ కొండల్లో మంచు విరగబడి కురిసింది. నది తియ్యగా వచ్చింది. నా కూతురి జ్ఞానస్నానానికి పెద్దదిక్కుగా నిలబడ్డ దోన్ ఎలీహియో ఉల్లికాడల మడి, ఏళ్ళ తరబడి ఉప్పు పేరి సున్నం కొట్టినట్టుండేది, పచ్చగా లేచింది. 'పొలం అమ్మబడును' అని బోర్డు రాయించి పెట్టుకున్నవాడు దాన్ని మంచం కిందికి తోసేశాడు.

"కొంపాద్రే, ఈ ఒక్క పంట చేతికొస్తే చాలు. మా నాన్న పొలం నాకే ఉంటుంది" అన్నాడు. జ్ఞానస్నానంతో కలిసిన చుట్టరికం కదా, మేం ఒకర్నొకరం కొంపాద్రే అనే పిలుచుకుంటాం.

కానీ ఇంజినీరు గారికి నిద్ర పట్టలేదు. డ్యామ్ దగ్గర నీళ్ళు బాగా తియ్యనయ్యాయి, మా దగ్గర కాస్త తక్కువ తియ్యనయ్యాయి. తేడా గీత దాటింది!

"ఒప్పంద ఉల్లంఘన!" అన్నారు గట్టు మీద జీపు దిగుతూనే.

"నీళ్ళు అమృతంలా ఉన్నాయండీ. ఒక్క గుక్క తాగి చూడండి" అన్నాడు దోన్ ఎలీహియో.

"రుచి సంగతి ఒప్పందంలో లేదు."

"మరి నా ఉల్లి?"

"మీకు ఉల్లి కనిపిస్తోంది దోన్ ఎలీహియో, నాకు దేశగౌరవం కనిపిస్తోంది."

అవతలి ఇంజినీరు హాల్వర్సన్ మహా నిజాయితీపరుడు. ఫిర్యాదు చదివి చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు.

"తప్పు మాదే. ఎలా సరిచెయ్యమంటారు?"

"అది మీ ఇష్టం. తేడా తగ్గాలి, అంతే!"

తగ్గించాడు. డ్యామ్‌కి దిగువన కలిసే పొలాల ఉప్పు మురుగుకాలవనీ, ఇన్నాళ్ళూ నదిలో కలవకుండా పక్కగా పోయే మరో కాలవనీ తిప్పి ఎగువన కలిపాడు. డ్యామ్ నీళ్ళూ, మా నీళ్ళూ ఉప్పనయ్యాయి. తేడా దాదాపు మాయమైంది. ఇద్దరు ఇంజినీర్లూ కావలించుకున్నారు.

ఉల్లికాడల కొసలు పసుపుపచ్చబడ్డాయి. మడి మళ్ళీ తెల్లబడింది. దోన్ ఎలీహియో టోపీ చేత్తో పట్టుకుని జీపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క తడి మంచినీళ్ళు ఇప్పించండి అయ్యా. ఉప్పు కిందికి దిగుతుంది, పంట బతుకుతుంది."

"ఎక్కణ్ణుంచి ఇప్పించను? పైనా అవే నీళ్ళు, కిందా అవే నీళ్ళు. ఇంతటి సమానత్వం చరిత్రలో ఎప్పుడైనా ఉందా?"

నేనూ పంచరు పక్కన పెట్టి అడగబోయాను. కానీ సమానత్వాన్ని ఎవరు కాదనగలరు?

అలా వచ్చింది ఆ బ్యాండుమేళం రోజు. భోజనాల బాధ్యత దోన్ ఎలీహియో భార్య దోన్యా కూకాకి ఇచ్చారు. హాల్వర్సన్ చిక్కుడు గింజలు మూడోసారి వడ్డించుకున్నాడు.

"ఉప్పు ఎంత బాగా కుదిరిందమ్మా!" అన్నారు మా ఇంజినీరు గారు.

"నేను చిటికెడైనా వెయ్యలేదండీ. కాలవ నీళ్ళలో ఉడకబెట్టాను, అంతే."

బ్యాండు ఆగిపోయింది. ఇంజినీరు గారు గరిటె పట్టుకునే లేచి నిలబడ్డారు.

"విన్నారా! మన ఒప్పందం పుణ్యాన ఇంటింటికీ ఉప్పు ఖర్చు తప్పింది!"

చప్పట్లు మారుమోగాయి. దోన్ ఎలీహియో మాత్రం కొట్టలేదు. మంచం కింది బోర్డు చంకలో పెట్టుకుని, దాన్ని ఎక్కడ పాతితే రోడ్డుకి బాగా కనిపిస్తుందా అని చూసుకుంటున్నాడు. అది ఇంజినీరు గారి కంట పడింది.

"ఆ చెక్క వెనకవైపు ఖాళీయేనా? భలే సమయానికి తెచ్చారండీ!"

రంగు తెప్పించారు, రాయించారు. దోన్ ఎలీహియో దాన్ని గుండెల దగ్గర పట్టుకుని ఇద్దరు ఇంజినీర్ల మధ్య నిలబడ్డాడు. 'మా లోయలో ఉప్పు సమస్య లేదు' అనే బోర్డుతో నిన్నటి పేపర్లో మీరు చూసిన ఫోటో అదే. బోర్డు రెండోవైపు ఇవాళ మా రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళకి కనిపిస్తోంది.