వీధికంతా కోడి

క్రిస్మస్ ముందురోజు పొద్దున తిరుపతిసామి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కొడుకు సెల్వకుమార్‌ను వెంటబెట్టుకుని కోవిల్‌పట్టిలో బస్సెక్కాలి. విరుదునగర్‌లో పొన్నయ్య ఇంటికి వెళ్ళి, వాళ్ళడిగింది చేతికిచ్చి, కేకు తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి.

ఇంట్లో మాట్లాడేది తెలుగు, పూజించేది పెరుమాళ్ళను. అయినా క్రిస్మస్ వస్తే ఆ ఇంటికి పండగే. తిరుపతిసామి తండ్రి గోవిందసామీ, క్రైస్తవుడైన పొన్నయ్య తండ్రీ ప్రాణస్నేహితులు. పండక్కి ఏం తక్కువైతే అది అవతలి ఇంటివాళ్ళు తేవాలి, ఎందుకని అడగకూడదు, అడిగితే బేరమైపోతుందని వాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. దీపావళికి వాళ్ళు తెచ్చేవారు, క్రిస్మస్‌కు వీళ్ళు తీసుకెళ్ళేవారు. ఒక ఏడు చింతపండు అడిగారు, ఒక ఏడు చేంతాడు అడిగారు. పోయిన ఏడు జొన్నచొప్ప కావాలంటే మోపు కట్టుకుని బస్సెక్కించిన తిరుపతిసామి కండక్టరుతో చీవాట్లు తిన్నాడే గాని, ఎందుకని మాత్రం అడగలేదు.

ఈ ఏడు పొన్నయ్య తన బాధ్యతను కూతురు వసంతికి అప్పజెప్పాడు. తిరుపతిసామి కూడా కొడుక్కి అప్పజెబుదామనుకున్నాడు గాని, లోపల గుబులుగానే ఉంది. సెల్వకుమార్ శివకాశిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. సెలవొస్తే మంచం దిగడు. తనతోనే ఈ ఆచారం ఆగిపోతుందేమోనని తిరుపతిసామి దిగులు.

కొడుకు ఫోనుకు వసంతి పంపిన కబురు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తమిళం. సెల్వకుమార్ పడుకునే చదివి వినిపించాడు. "ఈ ఏడు కోడి మీ పొరుప్పు, మీదే బాధ్యత అంట నాయనా. వీధికంతా చాలాలంట. ఎరుపూ తెలుపూ కలిపి తెమ్మంటాంది. కట్టేదానికి తాడు వాళ్ళ కాడ ఉండాదంట."

తిరుపతిసామి గుండె ఉప్పొంగింది. పొన్నయ్య వీధి వీధికే విందు పెడుతున్నాడన్నమాట. కొడుకు బుర్ర గోక్కుని, ఒక్క మాట అడిగేద్దామా అన్నాడు.

"అడగరాదు," అన్నాడు తిరుపతిసామి. "అడక్కుండా ఉండేదే ఆచారం."

ఆయన భార్య పాపమ్మాళ్ పెంచే నాటుకోళ్ళన్నీ ఎర్రవి. వాటన్నిటినీ గంప కింద మూయించాడు. పొదుగుడుకు కూర్చున్న కోడిని మాత్రం ముట్టుకోవద్దని ఆవిడ గట్టిగా చెప్పింది. ఆవిడ నీళ్ళకు వెళ్ళగానే దాన్నీ పట్టాడు. తెల్లవాటి కోసం బంధువు అళగర్‌సామి బ్రాయిలర్ ఫారానికి పరుగెత్తాడు. ఇన్ని కోళ్ళు బస్సెక్కవు గనుక, కుట్టియానై అని పిలిచే చిన్న సరుకుబండిని మాట్లాడాడు. అప్పుడే వసంతి నుంచి మళ్ళీ కబురొచ్చింది. తడవకుండా తెమ్మంది, రాగానే వీధికి అడ్డంగా కట్టేద్దామంది.

"కోళ్ళను వీధికి అడ్డంగా కడతారా?" అంది నీళ్ళబిందెతో వచ్చిన పాపమ్మాళ్.

"వాళ్ళ ఆచారం వాళ్ళది. మనమేంటికి తప్పు పట్టాల?" అని తిరుపతిసామి కోళ్ళ మీద టార్పాలిన్ కప్పి, ఆవిడ కోళ్ళను లెక్కపెట్టేలోపే కొడుకుతో బండెక్కాడు.

విరుదునగర్‌లో వసంతి నిచ్చెన వేయించి, తాడు పట్టుకుని సిద్ధంగా ఉంది. వీధి పిల్లలంతా చుట్టూ మూగారు. తిరుపతిసామి పెళ్ళివారి సారె విప్పినట్టు గర్వంగా టార్పాలిన్ లాగి, గంపలు దించి మూతలు తీశాడు. తెల్ల కోళ్ళు దిగిన చోటే చతికిలబడి దారి మూసేశాయి. ఎర్ర కోళ్ళు ఇళ్ళ కప్పులెక్కాయి. పాటలు సాధన చేస్తున్న బృందం డప్పులు పారేసి పరుగెత్తింది. పొదుగుడు కోడి మాత్రం నింపాదిగా చర్చి ముందుకు నడిచింది. అక్కడ పోయినేటి జొన్నచొప్పతో వేసిన చిన్న పశువులపాక ఉంది. బాలయేసు బొమ్మను రాత్రికిగాని పెట్టరు గనుక తొట్టి ఖాళీగా ఉంది. కోడి అందులో సర్దుకుని కూర్చుంది. తీయబోయిన పాస్టరుగారి వేలు పొడిచింది.

"మామా," అంది వసంతి నీరసంగా, "నేనడిగింది కొడి. కాగితం జెండాలు. తంబి సెల్వకుమార్ ప్రెస్సులో ఉన్నాడు కదా అని అడిగాను."

తమిళంలో కొడి అంటే జెండా. ఇంగ్లీషు అక్షరాలకు కొ అయినా కో అయినా ఒకటే. బయట ఎంత తమిళం మాట్లాడినా, గడప దాటి లోపలికొచ్చిన మాటను తెలుగులోనే వినడం ఆ ఇంటి అలవాటు. ఆ వారమంతా కొడులే కత్తిరించిన సెల్వకుమార్‌కు కూడా మంచం మీద అది కోడిగానే వినపడింది.

తిరుపతిసామికి తల కొట్టేసినట్టయింది. కొడుకు ఎక్కడ చెడగొడతాడోనని భయపడిన ఆచారాన్ని చేజేతులా తానే చెడగొట్టాడు. పండగపూట వీధి బోసిగా ఉంది, ఆయన కళ్ళు చెమర్చాయి. "తప్పయిపోయింది అణ్ణాచ్చి," అన్నాడు పొన్నయ్యతో. పొన్నయ్య అప్పటికే అరుగు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

సెల్వకుమార్ అదే బండిని శివకాశికి తిప్పించాడు. పొద్దుగూకేసరికి జెండాల కట్టలతో వచ్చి, తనే నిచ్చెనెక్కి వీధి పొడవునా కట్టాడు. తెల్ల కోళ్ళు బిర్యానీ అయ్యాయి. ఎర్రవాటిని కోయడానికి పిల్లలు ఒప్పుకోలేదు. పశువులపాకలో కోడి ఉంటే తప్పేమిటని పాస్టరుగారు వేలికి గుడ్డ చుట్టుకుంటూ అన్నారు. బొమ్మను కోడి పక్కనే సర్దారు. పండగయ్యాక ఆ కోడీ మిగతా ఎర్రవీ పాపమ్మాళ్ దగ్గరికి తిరిగొచ్చాయి.

మరుసటి ఏడు డిసెంబరులో వసంతి మళ్ళీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసింది: కోడి మీ బాధ్యత, వీధికంతా చాలాలి. తిరుపతిసామి బెంబేలెత్తిపోయాడు. "ఏ కోడిరా? ఒక్క మాట అడుగు," అన్నాడు.

"అడగరాదు నాయనా," అన్నాడు సెల్వకుమార్. అతను అప్పటికే లేచి, స్నానం చేసి, బండిలో ఒక పక్క జెండాల కట్టలూ ఒక పక్క కోళ్ళ గంపలూ సర్దేశాడు. తండ్రి పక్కకు తిరిగి, కొడుకు చూడకుండా పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఈసారైనా దాచిపెడదామని పాపమ్మాళ్ ఇల్లంతా వెతికిన పొదుగుడు కోడి, ఎవరూ పిలవకుండానే బండెక్కి జెండాల కట్ట మీద కూర్చుని ఉంది.