రాష్ట్రపతి గుండెను మధ్యకు జరిపిన వైనం

రాష్ట్రపతిగా ఎన్నికైన అనంతశయనం గారి గుండె ఎడమవైపు ఉందని అధికార పక్షం అభ్యంతరం చెప్పడంతో, ప్రమాణ స్వీకారానికి నాలుగు రోజుల ముందు దాన్ని ఛాతీ మధ్యకు జరిపించారు. ఆ దేశపు పార్లమెంటులో సభాపతికి కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం కూర్చుంటాయి. దేశాధినేత ఏ పక్షానికీ ఒరగకూడదని రాజ్యాంగంలో ఉంది. అవయవాలకు మినహాయింపు ఉన్నట్టు ఎక్కడా లేదు. ప్రతిపక్షం కాసేపు కేకలు వేసింది గానీ, ఎప్పటికైనా తామూ కుడివైపుకు మారేవాళ్లమేనని గుర్తొచ్చి ఊరుకుంది.

అనంతశయనం గారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. "రెండంగుళాలేగా," అని ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ తరవాత ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి ప్రభుత్వాసుపత్రి నర్సు మరియమణి టేపు పట్టుకుని వచ్చేది. గుండె చప్పుడు ఎక్కడ గట్టిగా వినిపిస్తోందో చూసి, అక్కడ చుక్క పెట్టి, రెండు చంకల నుంచీ దూరం కొలిచేది. ఫారంలో రెండే గడులు: కుడికి ఎంత జరిగింది, ఎడమకు ఎంత జరిగింది. రెండేళ్లూ రెంటిలోనూ సున్నాలే పడ్డాయి.

మూడో ఏడు రేవు బిల్లు వచ్చింది. సముద్రం ఒడ్డున పదకొండు ఊళ్లు ఖాళీ చేయించి రేవు కట్టాలని పార్లమెంటు ఆమోదించింది. ఆ శనివారం, రాష్ట్రపతిని కలవడానికి అనుమతి దొరికినవాళ్లలో మైలపల్లి నూకాలమ్మ ఉంది. ఆ పదకొండు ఊళ్లలో ఒకదాంట్లో చేపలమ్ముకునే మనిషి. రేవు మాట మొదట పుట్టినప్పుడు, ఎనిమిది నెలల కింద పెట్టుకున్న అర్జీకి ఇప్పటికి పిలుపొచ్చింది.

"బాబూ, మా పెనిమిటి సంద్రంలోకెళ్లి రాలేదు. తొమ్మిదేళ్లయింది," అంది నూకాలమ్మ. "రేపొద్దున్న వొస్తే ఊరు ఆనవాలు పట్టాల గదా. నానెక్కడికని పోతాను?"

రాష్ట్రపతి అర్జీలు వినవచ్చు. జవాబు మంత్రివర్గం చెప్పాలి. అందుకని అనంతశయనం గారు ఆమెకు మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు.

సోమవారం మరియమణి మూడుసార్లు కొలిచింది.

"ఏమ్మా, జరిగిందా?" అన్నారాయన.

"జరిగిందండి. కుడికీ కాదు, ఎడమకీ కాదు. అరంగుళం ముందుకొచ్చిందండి."

"ముందుకంటే?"

"ఎదురుగా ఎవరైనా కూర్చుంటే, వాళ్లవైపండి."

కార్యదర్శి దీక్షితులు గారిని పిలిపించారు. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. "ముందుకు అనే గడి లేదు కాబట్టి, జరగలేదనే రాయాలి," అన్నారు. మరియమణి రెండు సున్నాలు చుట్టింది.

ఆ మధ్యాహ్నమే అనంతశయనం గారు బిల్లును పునఃపరిశీలనకు వెనక్కి పంపారు. 'ఒకసారి ఆ ఊళ్లకు వెళ్లి చూడండి' అని కింద తన చేత్తో రాశారు. పదహారు రోజులకు బిల్లు అక్షరం మారకుండా తిరిగొచ్చింది. రెండోసారి వచ్చిన బిల్లు మీద సంతకం పెట్టి తీరాలి. ఆయన కలం పక్కన పెట్టి దీక్షితులు గారి వైపు తిరిగారు.

"నేను రాజీనామా చేస్తే?"

"నిక్షేపంగా చేయొచ్చండి," అన్నారు దీక్షితులు గారు. "ఉపరాష్ట్రపతి గారు సాయంత్రానికల్లా సంతకం పెడతారు. వారి గుండె కూడా ముందే సర్దించి ఉంచాం."

అనంతశయనం గారు సంతకం పెట్టారు.

తరవాతి సోమవారం గుండె చక్కగా మధ్యలో, తన చోటనే ఉంది. నొప్పేమైనా ఉందా అని మరియమణి అడిగింది.

"లేదమ్మా. అసలేమీ తెలియడం లేదు."

ఫారంలో దానికీ గడి లేదు. ఆమె టేపు చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆర్నెల్లకు నూకాలమ్మ అర్జీకి నియమం ప్రకారం జవాబు వెళ్లింది: 'మీ విన్నపాన్ని నిష్పక్షపాతంగా పరిశీలించడమైనది.' ఉత్తరం తిరుగు టపాలో వచ్చేసింది. కవరు మీద పోస్ట్‌మ్యాన్ 'ఈ పేరుగల ఊరు లేదు' అని రాశాడు. అర్జీదారు నుంచి మళ్లీ ఫిర్యాదేదీ అందనందువల్ల విషయం పరిష్కారమైనట్టు దీక్షితులు గారు ఫైలులో నమోదు చేసి, రాష్ట్రపతి ముందు పెట్టారు.

అనంతశయనం గారు మొదటి నుంచి చివరి దాకా చదివారు. సంతకం ఎక్కడ పెట్టాలో అడిగారు.