పదహారు వందల నలభై రింగులు

రేవుపాలెంలో జుట్టు సాఫు చేస్తే అందులోని వంపు మాయమైపోదు, ఇంకో చోటికి వెళ్ళి చేరుతుంది కాబట్టి, వేడి బ్రష్షు కొనేవాళ్ళు ఆ వంపును ఎక్కడికి పంపాలో కొట్లోనే రాసిచ్చి సంతకం పెట్టాలి. ఇది అక్కడ ఎవరికీ వింతగా ఉండదు. గ్యాసు బండ తీసుకునేటప్పుడు పుస్తకం చూపించినట్టే ఇదీను.

పూర్వం ఈ నిబంధన లేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు జుట్టు సాఫు చేసుకునేవాళ్ళు, వంపులు వాటికి తోచిన చోటికి పోయేవి. ఒక పెళ్ళిళ్ళ సీజన్లో హైస్కూలు ప్రహరీగోడ వంగింది. ఇంకోసారి తొమ్మిదో తరగతి పిల్లల స్కేళ్ళన్నీ ఒకే రోజు వంగిపోతే, ఆ ఏడాది అందరూ త్రిభుజాలను గుండ్రంగా గీశారు. దిద్దిన మేష్టార్లు వాటికీ మార్కులు వేశారు. ఆ తర్వాతే మున్సిపాలిటీ వంపుల సెక్షన్ అని ఒకటి తెరిచి, బ్రష్షులమ్మే ప్రతి కొట్టుకూ ఒక గుమస్తాను పంపింది.

ఉదయిని ఆ ఊరికి కోడలిగా వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఆమె పుట్టింటి ఊళ్ళో ఇలాంటి సెక్షన్ లేదు. అక్కడా వంపులు ఎటో పోతూనే ఉంటాయి గానీ ఎవరూ రాసిపెట్టరు. కాలేజీలో ఫిజిక్స్ చదువుకుంది గనక రాసిపెట్టడమే న్యాయమని ఆమెకు తోచింది. అసలు ఆ పద్దెనిమిది రోజుల్లో ఆమెకు నచ్చనిదంటూ ఏదీ లేదు. కొత్తింటి కాలింగ్ బెల్లు పిట్టలా కూసినా సంతోషమే, పెసరట్టు పెనానికి అంటుకోకుండా లేచినా సంతోషమే.

జుట్టు గొడవ పెళ్ళి పీటల మీదే మొదలైంది. ముహూర్తానికి నెత్తిన పెట్టిన జీలకర్ర బెల్లం ఆ ఉంగరాల జుట్టులో దూరి మూడు తలంట్లకు గానీ వదల్లేదు. తలంబ్రాలైతే అప్పటికీ వదల్లేదు. పదకొండో రోజున మామగారికి పప్పుచారు వడ్డిస్తుంటే, ఒక ముత్యమూ రెండు పసుపు బియ్యపు గింజలూ రాలి ఆయన కంచంలో పడ్డాయి. ఆయన గింజలను పక్కకు నెట్టి, ముత్యాన్ని తుడిచి జేబులో వేసుకుని, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఆ ఇంట్లో అది పెద్ద మాట కింద లెక్క.

మర్నాడు అత్తగారు విజయదుర్గ ఉదయిని పాదాల వైపు చూస్తూ, "అమ్మాయ్, ఓ బ్రష్షు కొనుక్కోరాదుటే," అంది. ఆవిడ ఎవరితో మాట్లాడినా వాళ్ళ పాదాలతోనే మాట్లాడుతుంది. ముప్ఫై ఏళ్ళ కిందట, బొగ్గుల ఇస్త్రీపెట్టె రోజుల్లో, ఆవిడ జుట్టు సాఫు చేయించారు. వంపు మెడలోకి పోయింది.

"మొదట్లో కాస్త పట్టేసినట్టు ఉంటుంది. తర్వాత నీకే తెలుస్తుంది, నేల మీద ఎన్ని వింతలుంటాయో. ఈ ఇంట్లో పోయిన సూదులన్నీ నాకే దొరుకుతాయి," అని కూడా చెప్పింది.

ఉదయినికి మెడతో వేరే పని ఉంది. భర్త భార్గవ్ ఆరడుగుల పైమాట. ఆమె తల అతని చొక్కా జేబు దగ్గరే ఆగిపోతుంది. అతను నవ్వకుండా జోకులు వేస్తాడు. అది జోకో నిజమో తేలాలంటే తలెత్తి మొహం చూడాలి. జోకైతే పెదవి ఎడమ కొస కొంచెం వణుకుతుంది. పెళ్ళైన మూడో రోజున, "మా ఆఫీసువాళ్ళు నిన్ను చూస్తామన్నారు, టిక్కెట్టు పెట్టాను," అన్నాడు. ఆమె తలెత్తింది, ఆ కొస చూసింది, వీపు మీద ఒక్కటి చరిచింది. ఆనాటి నుంచీ రేవుపాలెంలో ఆమెకు చూడదగ్గ ప్రదేశం అదొక్కటే.

కాబట్టి శనివారం ఇద్దరూ కొట్టుకు బయల్దేరేటప్పుడే ఆమె గట్టిగా అనుకుంది. వంపు ఎటైనా పోనీ, మెడలోకి మాత్రం రానివ్వకూడదు.

కొట్టు యజమాని సలీం ఎర్ర అట్టపెట్టె తెరిచి బ్రష్షును ఆమె చేతికిచ్చాడు. "పళ్ళు చూడండి మేడం, చివర్లు మాడవు. మూడు రకాల వేడి ఉంది. తీగ ఎంత తిప్పినా మెలిపడదు. మర్చిపోయి వంటింట్లోకి వెళ్ళారనుకోండి, దానంతటదే ఆగిపోతుంది."

ఉదయిని మీట నొక్కింది. చిన్న ఎర్ర దీపం వెలిగింది. అరచేతిలో పిల్లికూనంత వెచ్చగా ఉంది బ్రష్షు. "భార్గవ్, ఇది ఊపిరి తీసుకుంటోంది!" అంది.

"జాగ్రత్త, సాయంత్రానికి పాలడుగుతుంది," అన్నాడతను. ఆమె తలెత్తి పెదవి చూసి మురిసిపోయింది.

బ్రష్షులు మూడు రకాలని సలీం చెప్పాడు. ఇంటి రకమైతే వంపు ఇంట్లోని వస్తువుల్లోకి పోతుంది. పొరుగు రకమైతే ముప్ఫై అడుగుల లోపు ఇళ్ళలోకి. సొంత రకమైతే వాడే మనిషిలోనో, ఒప్పుకుంటే ఆ మనిషి సొంతవాళ్ళలోనో ఉండిపోతుంది. వేడీ, పళ్ళూ, తీగా మూడింటికీ ఒకటే.

ఉదయిని ఇంటి రకం అడిగింది. దానికి వస్తువుల యజమాని ఒప్పుకోవాలి. వస్తువులన్నీ మామగారి పేరున ఉన్నాయి. భార్గవ్ ఫోన్ చేశాడు.

"నాన్నా, గరిటెల్లోకి పంపమంటారా?"

"గరిటెలు వంగితే పులుసెలా పోసుకుంటార్రా?"

"కిటికీ ఊచలు?"

"దొంగలు దూరతారు."

"పోనీ మడతమంచం?"

"అది ముందే వంకర. అందులో ఇంకేం పడుతుంది?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

పొరుగు రకానికి పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గారి అంగీకారం కావాలి. ఆయన గోడ అప్పటికే మూడిళ్ళ వంపులు మోస్తోంది. మొన్న దానికి క్యాలెండరు తగిలిస్తే గోడకు అడుగు దూరంలో వేలాడింది. ఆయన్ని అడగడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు.

మిగిలింది సొంత రకం. దాని కోసం కొట్టు మూలనున్న బల్ల దగ్గరికి వెళ్ళాలి. అక్కడ వంపుల సెక్షన్ గుమస్తా కామేశ్వరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ఉదయినిని స్టూలు మీద కూర్చోబెట్టి, స్వెట్టరు అల్లే సూదితో జుట్టు పాయలు తీస్తూ రింగులు లెక్కపెట్టింది. మధ్యలో ఒకసారి టీ తాగింది. తాగుతున్నంతసేపూ లెక్క మర్చిపోకుండా ఒక రింగులో వేలు పెట్టి ఉంచింది.

"పదహారు వందల నలభై," అని రాసుకుని, "ఎక్కడ వేయమంటావమ్మా?" అంది.

"చిటికెన వేల్లో వేయండి మేడం."

"చిటికెన వేలికి నూటయాభై మించి పట్టవు."

"పది వేళ్ళకీ సర్దితే?"

"అన్నం ఎలా కలుపుకుంటావు?"

"పోనీ నడుం?"

"ముందు ముందు రాబోయే వంపులకు దాన్ని అట్టే పెట్టారు తల్లీ. ఇప్పుడే నింపేస్తే తర్వాత అవస్థ." కామేశ్వరమ్మ కాగితాన్ని ఆమె వైపు తిప్పింది. "మెడకి రెండు వేలదాకా పడుతుంది. అందరూ అదే రాస్తారు. అందుకే ఫారంలో అచ్చు వేయించేశారు. నువ్వు టిక్కు పెడితే చాలు."

భార్గవ్ ముందుకొచ్చాడు. "నా మెడలో వేయండి."

కామేశ్వరమ్మ అతన్ని కొంచెం గౌరవంగా చూసింది. "ఉద్యోగమా బాబూ?"

"ప్రైవేటు కంపెనీలో."

ఆవిడ ఇంకో రిజిస్టరు తీసి వేలితో వెతికింది. "ఖాళీ లేదు. మీ మెడ మొత్తం మీ మేనేజరు గారు రాయించుకున్నారు."

"నాకు తెలీదే!"

"చేరినప్పుడు సంతకాలు పెట్టుంటారు, పదిహేడో పేజీలో ఉంటుంది. ఇంటికెళ్ళాక తలెత్తుకోనిస్తున్నారంటే అది వాళ్ళ మంచితనం."

మేనేజరులో ఇంత మంచితనం ఉందని భార్గవ్ ఎప్పుడూ అనుకోలేదు. అతను కాస్త కదిలిపోయాడు.

"కొనకుండా వెళ్ళిపోతే?" అని మెల్లిగా అడిగింది ఉదయిని.

"శుభ్రంగా వెళ్ళొచ్చు, ఎవరాపారు? కానీ నేను లెక్కపెట్టేశాను కదమ్మా. లెక్కకెక్కిన వంపుకి ఒక చిరునామా ఉండాలి. 'ఉన్నచోటే ఉంచడమైనది' అనే గడి ఫారంలో లేదు. వేయించమని మేమూ ఆరేళ్ళుగా రాస్తున్నాం."

ఉదయిని తలెత్తి భర్త మొహం చూసింది. "నువ్వేమంటావు?"

"నీ జుట్టు, నీ ఇష్టం," అన్నాడు భార్గవ్.

పెదవి కొస వణకలేదు. అంటే జోకు కాదు. పూర్తిగా నిజం కూడా కాదేమోనని ఆమెకు అనిపించింది గానీ, అంత సూక్ష్మంగా చదవడానికి పద్దెనిమిది రోజుల అనుభవం చాలదు. వెనకాల కొత్త పసుపుతాళ్ళతో ఇంకో నలుగురు వరసలో ఉన్నారు. వాళ్ళలో ఒకామె గడియారం చూసుకుంటోంది. పాపం, ఎవరికి ఎంత పనుందో. ఉదయిని భర్త మొహాన్ని ఇంకొక్కసారి, కనుబొమల దగ్గర్నుంచి గడ్డం దాకా, పరీక్షకు చదివినట్టు చదివి, టిక్కు పెట్టింది.

ఆదివారం పొద్దున తలంటుకుని బ్రష్షు పట్టింది. పాయ సాఫవుతున్నకొద్దీ మెడ కొంచెం కొంచెంగా దిగింది. పదహారు వందల నలభయ్యో రింగు విడిపోయేసరికి గడ్డం వచ్చి గుండెల మీద ఆనింది. జుట్టు మాత్రం నల్లటి పట్టుకుచ్చులా ముందుకు జారింది. తల వంచుకుని ఉండటం వల్ల అది తనకే అందరికన్నా బాగా కనబడుతోందని గమనించి ఉదయిని ఎంతో సంతోషించింది.

ఊరు కూడా సంతోషించింది. పాలు పోయడానికొచ్చినావిడ, "ఈ రోజుల్లో వంచిన తల ఎత్తని కోడలు ఎక్కడ దొరుకుతుందమ్మా!" అంది. మామగారు కోడలి గురించి మొట్టమొదటిసారి నోరు తెరిచి, "మంచి పద్ధతిగల పిల్ల," అన్నాడు.

మొహం చూపించడానికి భార్గవే వంగేవాడు. గుమ్మంలో వంగేవాడు, భోజనాల దగ్గర వంగేవాడు, ఒకసారి నేల మీద పడుకుని కిందనుంచి చూపించాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఏడో రోజున ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కంపెనీకి చెందిన వంపును ఇంటి అవసరాలకు వాడుతున్నట్టు తెలిసిందనీ, సోమవారం మీటింగులో అతని మెడ సరిగా వంగలేదనీ, ఇకముందు జాగ్రత్త వహించాలనీ అందులో ఉంది. అతను మానేశాడు.

ఆ తర్వాత ఆమెకు చొక్కా మూడో గుండీ మిగిలింది. గుండీని బట్టి ఏదీ తేలేది కాదు. ఒకరోజు, "మా అమ్మ నిన్ను మీ ఊరికే బదిలీ చేయించేస్తానంటోంది," అన్నాడు. ఉదయిని గుండీ వంక చూసింది. గుండీ వణకలేదు. లోపలికి వెళ్ళి రెండు చీరలు సర్దుకుని, మంచం మీద కూర్చుని ఏడ్చింది. అది జోకని అతను చెప్పి ఒప్పించేసరికి మధ్యాహ్నమైంది.

ఆ రోజే అతనికి ఆలోచన తట్టింది. భోజనానికి ఎదురుగా కూర్చుని, తన మొహాన్ని ఫోన్లో ఫోటో తీసి ఆమెకు పంపాడు. ఒళ్ళో ఉన్న ఫోను టింగుమంది. వంగిన మెడకు ఫోను సరిగ్గా ఎదురుగా వస్తుంది. ఆ మొహాన్ని చూసి ఉదయిని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అప్పట్నుంచీ అతను జోకు వేసిన ప్రతిసారీ వెంటనే ఫోటో పంపుతాడు. ఆమె కొస చూసి, నవ్వి, ఒక ఎర్ర గుండె పంపుతుంది. ఇద్దరి మధ్యా ఒక పప్పుగిన్నె దూరం. బజారుకు వెళ్ళినప్పుడు ఇంకో సంగతి కూడా ఆమెకు తెలిసింది. బస్టాపులో మగవాళ్ళూ పిల్లలూ అందరి మెడలూ సరిగ్గా అంతే వంగి ఉన్నాయి. ఇంతమందికి ఫారాలు ఎవరు నింపిచ్చారో ఆమెకు అర్థం కాలేదు.

"ఏం చూసుకుని నవ్వుతున్నావే?" అని ఒకరోజు విజయదుర్గ పక్కన చేరింది. ఉదయిని చూపించింది.

"ఓసినీ, మావాడే! ముక్కు అచ్చం మా నాన్నది," అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఫోనును ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "మీ మామగారిది కూడా వస్తుందా ఇందులో?" అంది.

మామగారు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఉదయిని వెళ్ళి ఫోను పైకెత్తి ఆయన్ని ఫోటో తీసుకొచ్చి, అత్తగారి చేతిలో పెట్టింది. విజయదుర్గ చాలాసేపు చూసింది.

"ఎవరే ఈయన?"

"మామయ్యగారే అత్తయ్యా."

"జుట్టంతా ఎప్పుడు పోయింది? నాకెవరూ చెప్పలేదే."

"పడుకున్నప్పుడైనా చూడలేదా?"

"అటు తిరిగి పడుకుంటారు."

ఆవిడ తెర మీద బుగ్గ ఉన్నచోట వేలితో ఒకసారి రాసి, ఫోను తిరిగి ఇచ్చేసింది. "వద్దులే, నువ్వే ఉంచుకో. కొత్తమనిషిలా ఉన్నారు. పాదాలైతే నేనెరుగుదును, అవి ఏమీ మారలేదు," అని సూది వెతుక్కోవడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం భార్గవ్ ఆఫీసు నుంచి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఏదో అన్నాడు. అది జోకో నిజమో ఫోను ఇంకా చెప్పలేదు. ఈలోగా ఉదయిని మొదటిసారిగా అతని పాదాలను తీరిగ్గా చూసింది. కుడికాలి బొటనవేలి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. చాలా ముద్దుగా ఉందనుకుంది.