పోలమ్మ బోణీ అను ఖాళీసంహారము

నల్లమల కొండలకు తూర్పు వాలున, వానకు మొగము వాచిన నేలలయందు కందియు పొగాకును పట్టుదలతో పండించు జనులు గల ప్రకాశము జిల్లా పడమటి భాగమున, ఉదయమే తారురోడ్డు మెత్తబడు వైశాఖమాసమున, గురువారమునాడు, గిద్దలూరు పట్టణమందలి రాచర్ల గేటు కడ, ఆటోల హారన్లు రణభేరులై మ్రోగుచుండగా, రాధాకుమారి డిజిటల్ స్టూడియో అను శీతల మందిరమున, ఒక ప్లాస్టిక్ కుర్చీని రథముగా గొన్న వీరుడొకడు, కంటికి కనబడని శత్రువుతో చేసిన ఘోరసంగ్రామమును చెప్పెదను. వినుటకు తీరిక లేనివారు ఇప్పుడే లేచి పోవచ్చును. నడుమ లేచినచో కుర్చీలు చప్పుడగును.

ఆ వీరుని పేరు మురళీధరుడు. రాచర్ల దాపున గొర్రెలు కాచు ఇంట పుట్టి, మందనుండి తప్పిన పిల్లను అడుగుజాడలనుబట్టి వెదకి తెచ్చు విద్యను తండ్రికడ సగము నేర్చి, తక్కిన సగము నేర్వకమునుపే డిగ్రీలో చేరి, స్టూడియోలో కంప్యూటరుకడ కుదిరిన ఆ యువకుడు, స్వహస్తములతో ఒక బ్యాచ్ ఫైలును రచించియుండెను. బ్యాచ్ ఫైలనగా మరేమియు కాదు. కంప్యూటరు వరుసగా చేయవలసిన పనులను నోట్‌ప్యాడులో పంక్తికొకటి చొప్పున వ్రాసి పెట్టిన ఆజ్ఞల మాల. దానిని నొక్కినంతనే నల్లని కిటికీ యొకటి తెరచుకొని, గడియారమునుండి ఆ క్షణపు గంటలను నిమిషములను కోసి తెచ్చి, ఆనాటి తేదీకి అతికించి, ఆ పేరుతో ఒక ఫోల్డరును పుట్టించి, కెమెరాకార్డులోని ఫొటోను అందులోనికి దింపి, ప్రింటరునకు అప్పగించి, ఏమియు ఎరుగనట్లు మూసికొనును. చలికాలమంతయు ఆ ఫైలు ఒక్కసారియు తప్పలేదు. మురళీధరుడు దానిని తలచుకొని ఆటోలో ఒంటరిగా నవ్వుకొనిన దినములును కలవు.

అంతలో ఎండలు ముదిరెను. పదిగంటలు దాటినగాని తలుపు తీయని రాధాకుమారి, జనులు చల్లని పూటనే పనులు ముగించుకొనుట చూచి, తొమ్మిదికే షట్టరు ఎత్తసాగెను. ఎత్తిన నాటినుండి ఒక విపరీతము మొదలయ్యెను. ప్రతి ఉదయమును తొలి ఫొటోకడ ఫైలు మొండికెత్తును. మధ్యాహ్నమునకు బుద్ధిగా నడచును. తొలి బేరము అనగా బోణీ. బోణీకడ తడబడిన దుకాణము దినమంతయు తడబడునని ఆ సెంటరులో నమ్మనివారు లేరు. మురళీధరుడు తలవంచుకొని మౌసుతో ఫొటోను లాగి పని గట్టెక్కించుచున్నను, రాధాకుమారి మనస్సు మాత్రము గట్టెక్కలేదు. ఒకనాడు పాలవాని చేయి మంచిది కాదనెను. మరునాడు టీచరుగారి చేయి. ఆ పిమ్మట, తప్పు చేతులదే అయినచో మంచి చేతినే రప్పించెదమని నిశ్చయించి, రాచర్ల పోలమ్మకు ఫోను చేసెను.

పోలమ్మ హస్తవాసి సామాన్యమైనది కాదు. ఆమె తొలి బేరము చేసిన అంగడి మూతపడినట్లు ఎవ్వరును చూచియుండలేదు. ఇండ్లకు పునాది తీయువారు, విత్తనము వేయువారు, బోరు దింపువారు సయితము ముందు ఆమెను తలతురు. మందలు మేపి, ఎండలో ఎండి, చదువు ఎరుగక, ఆస్తి అంతగా లేక బ్రదికిన ఆ పెద్దావిడకు ఊరిలో ఉన్న గౌరవమంతయు ఆ కుడిచేతియందే యుండెను. అది ఆమెకును తెలియును. ఆనాడు స్టూడియో ఎదుట ఆదిశేషు అనువాడు క్రొత్తగా బట్టల అంగడి తెరచుచుండగా, అచ్చటి తొలి బేరమును ఆమెదే. అందువలన గంజి పెట్టిన చీర కట్టి, తొలి ఆటోకు దిగి, ముందుగా స్టూడియో మెట్లెక్కెను.

రాధాకుమారి ఫొటో తీసెను. మురళీధరుడు కార్డును యంత్రమున దూర్చి, ఫైలును నొక్కెను. నల్లని కిటికీ తెరచుకొనెను. మూసికొనలేదు. నీవిచ్చిన ఆజ్ఞ సరిగా లేదని ఇంగ్లీషున ఒక్క వాక్యము పలికి, తెల్లని గీతను ఆర్పుచు వెలిగించుచు కూర్చుండెను.

"ఏందది మురళీ," అనెను రాధాకుమారి మెల్లగా.

"ఏం లేదక్కా. ఒక్క నిమిషం."

పోలమ్మ తన అరచేతివంక చూచుకొనెను. "నేనొచ్చినా నిలబడిపోయిందా అది?"

"నీ వల్ల కాదు పెద్దమ్మా. పొద్దున పూట రోజూ ఇంతే," అనెను మురళీధరుడు.

"రోజూ ఇంతేననే కదా నాయనా నన్ను పిలిపించినారు."

ఈ ఒక్కసారికి చేత్తో లాగి పెట్టెదనని మురళీధరుడు మౌసుపై చేయి వేయబోగా, ఆమె వారించెను. "నా బోణీ ఎవురూ లాగాల్సిన పన్లేదు. దానంతటది పోవాల."

ఇంతలో ఆదిశేషు, ఎదుటి అంగడి గడపనుండి లోపల పని ఆగుటను పసిగట్టి, రోడ్డు దాటి వచ్చెను. నొప్పి తెలియకుండ గుచ్చు నేర్పు కొందరికి పుట్టుకతో వచ్చును.

"పోలమ్మక్కా, నువ్వేం కంగారు పడొద్దు," అనెను ఆదిశేషు. "మిషన్లన్నాక ఆగతా ఉంటాయి. కాకపోతే మాది కొత్త అంగడి. మా ఇంటామె యశోద అసలే అనుమానం మనిషి. పది కొట్టే లోపల ఇక్కడ నీ బోణీ అయిందంటే సరే, లేదంటే బండేసుకొని పోయి మా వదినను పిలుచుకొస్తా. ఏమీ అనుకోవద్దు."

"నేనేమనుకుంటానబ్బయా. నీ అంగడి, నీ ఇష్టం," అనెను పోలమ్మ. అని, ఆ కుడిచేతిని మెల్లగా పైటచెంగు క్రింద దాచుకొనెను. అది మురళీధరుడు చూచెను. చిన్ననాడు జ్వరము వచ్చినప్పుడు తన నుదుటిపై ఆ చేయి ఎంత బరువుగా, ఎంత చల్లగా ఉండెడిదో అతనికి గుర్తుకు వచ్చెను. ఇక ఆ ఫైలు సంగతి తేల్చక కుర్చీ దిగనని తీర్మానించుకొనెను.

అంతట ఆ రాచర్లకులభూషణుడు, నోట్‌ప్యాడుధరుడు, మనస్సులో ఇట్లు గర్జించెను: "ఓరీ అజ్ఞాత శత్రువా! నీవెవడవైనను, ఏ పంక్తిలో ఏ చిహ్నము చాటున నక్కియున్నను, కోలను చుక్కల నడుమ పొంచియున్నను, పర్సెంటు గుర్తుల కోటలో తలదాచుకొన్నను, నిన్ను బ్యాక్‌స్పేసు అను ఖడ్గమునకు బలియీయక ఈ రథము దిగను. పెద్దమ్మ చేయి పైటచెంగు దాటి వెలుపలికి వచ్చువరకు నాకు టీ లేదు, టిఫిను లేదు, ఇన్‌స్టాగ్రాము లేదు."

బయటికి మాత్రము, "కాసేపు కూర్చో పెద్దమ్మా," అనెను.

పిమ్మట తన ఆజ్ఞలను పంక్తి తరువాత పంక్తిగా చదివెను. దోషము కానరాదు. నిన్న మధ్యాహ్నము ఎట్లున్నదో అట్లే యున్నది. క్రిందినుండి పైకి చదివెను. అప్పుడును లేదు. ఫైలు మూసి, దిక్కుతోచక డెస్కుటాపువంక చూచెను. అచ్చట, పండ్లబండి పోయిన పిదప మిగిలిన తొక్కలవలె, ఎన్నడును పుట్టించిన గుర్తు లేని ఫోల్డర్లు చెదరియుండెను. తెరను ఊడ్చుకొను అలవాటు మన వీరునికి లేదు. అది అతని దుర్గుణము, ఆనాటికి భాగ్యము.

"ఆ చెత్తంతా ఏందిరా?" అనెను రాధాకుమారి.

912 అని ఒకటి. 927 అని ఒకటి. 941. అన్నియు ఖాళీ. మురళీధరుడు ఫొటోలు దాచు చోటికి పోయి చూచెను. అచ్చట తేదీ మాత్రమే పేరుగా గల ఫోల్డర్లు, గంటలు నిమిషములు లేక, తోక తెగి పడియుండెను. తండ్రికడ నేర్చిన ఆ సగము విద్య అతని ఒడలిలో కదిలెను. తేదీ అచ్చట, గంట ఇచ్చట. తల అచ్చట, మొండెము ఇచ్చట. ప్రతి ఉదయమును ఎవడో ఒకే పేరును రెండుగా నరికి, రెండు ఫోల్డర్లుగా పారవేయుచున్నాడు. మరియు డెస్కుటాపుపై పడిన మొండెములన్నియు తొమ్మిదితోనే మొదలగుచున్నవి. పదితో మొదలైనది ఒక్కటియు లేదు.

అప్పుడతనికి శత్రువు ముఖము కనబడెను. సరిగా చెప్పవలెనన్న ముఖము లేకపోవుటయే కనబడెను. కంప్యూటరు గడియారమున గంటలకు రెండు గదులు. పది, పదకొండు, పన్నెండు ఆ రెండింటను సుఖముగా నివసించును. తొమ్మిదికి ఒక్క గదియే చాలును గనుక, దాని ముందరి గదిలో గడియారము ఏమియు పెట్టక ఖాళీ వదలును. మురళీధరుని ఫైలు ఆ రెండు గదులను కోసి తెచ్చునప్పుడు, తొమ్మిదితోపాటు ఆ ఖాళీయు ఎక్కి వచ్చుచున్నది. పేరు నడుమ ఖాళీని చూచినంతనే యంత్రము, పేరు ముగిసినదనుకొని, మిగిలినది వేరొక పేరనుకొని, రెండుగా చీల్చుచున్నది. పాలవాని చేయి కాదు, టీచరుగారి చేయి కాదు. బోణీలు చెడగొట్టినది ఒక శూన్యము.

"దొరికింది పెద్దమ్మా. తొమ్మిదికి ముందర ఒక ఖాళీ ఉంది."

పోలమ్మ తెరవంక వంగి చూచెను. "ఏదీ?"

"కనపడదు. ఖాళీ కదా."

"కనపడని దానికోసరమా నాకీ తలవంపులు," అనెను పోలమ్మ. అందులో కోపము లేదు. అలసట యుండెను.

మురళీధరుడు ఆయుధము నూరెను. గంటలో ఎచ్చట ఖాళీ యున్నను అచ్చట సున్నా పెట్టుమని ఒక్క పంక్తి. అయితే శూన్యమును చంపవలెనన్న ముందు దాని పేరు ఉచ్చరింపవలెను. దాని పేరు అదియే. కావున అతడు స్పేసుబారును తానే నొక్కి, శత్రువును తన పంక్తిలోనికి తానే ఆహ్వానించి, దాని ప్రక్కన సమాన చిహ్నమును వంతెనగా కట్టి, ఆ వంతెన చివర సున్నాను కావలి నిలిపి, రెండు కొసల పర్సెంటు ద్వారములు మూసెను. ఫైలును నొక్కెను.

నల్లని కిటికీ తెరచుకొని వెంటనే మూసికొనెను. రాధాకుమారి ఊపిరి వదలెను. కాని ఫోల్డరు తెరచి చూడగా, తేదీ ఉన్నది, గంట లేదు, నిమిషము లేదు. ఉదయమున తెగిపడిన తోకలేని ఫోల్డరులోనికే ఫొటో పోయి కూలబడినది. ఏ గంటది ఏ ఫొటోయో తెలియక అన్నియు ఒకే కుప్పలో కలియునట్టి దురవస్థ. గంటపేరు గల ఫోల్డరు కానరాక ప్రింటరు మూగదై కూర్చుండెను.

తన గడపకు తిరిగిపోయిన ఆదిశేషు చేతి గడియారమును చూచుకొని, బండి తాళము తీసెను.

మురళీధరుడు నోట్‌ప్యాడును తెరచెను. మరల పంక్తిని చూచెను. అప్పుడు కనుగొనెను, కనుగొని సిగ్గుపడెను. బడిలో ప్రకాశరావు మాస్టారు, సమాన చిహ్నమునకు అటొక ఖాళీ ఇటొక ఖాళీ విడువనిదే మార్కులిచ్చెడివాడు కాదు. ఆ శుభ్రతకు అలవాటుపడిన చేయి, పంక్తి ఆరంభమున పేరు పెట్టుచోట కూడ అటొకటి ఇటొకటి విడిచెను. బ్యాచ్ లోకమున ఆ మర్యాద చెల్లదు. పేరు వెనుక విడిచిన ఖాళీ ఆ పేరులోనే భాగమైపోవును. అతడు ఒక పేరుతో దాచి, వేరొక పేరుతో పిలిచెను. ఎవ్వరు పలుకుదురు? శత్రువును చంపుటకు పంపిన సేనలోనే శత్రువులు ఇద్దరు చేరి నడచుచుండిరి.

ఆదిశేషు బండి స్టార్టయ్యెను.

మురళీధరుడు బ్యాక్‌స్పేసును ఒకమారు నొక్కెను. ఒక ఖాళీ కూలెను. మరియొకమారు నొక్కెను. రెండవదియు కూలెను. ఫైలు సేవు చేసి, మౌసుతో దానిని ఎంచి ఉంచి, కుర్చీనుండి లేచెను.

"నువ్వు నొక్కు పెద్దమ్మా. ఈ పెద్ద మీట."

"నేను నొక్కితే మళ్లా నిలబడిపోతే?"

"నిలబడదు."

"నీకు నమ్మకమేనా?"

మనస్సులో అతనికి మహావాక్యములు పుట్టెను. అవి నోటికి రాలేదు. "నమ్మకమే పెద్దమ్మా," అనెను.

పోలమ్మ పైటచెంగు క్రిందినుండి చేయి తీసి, చీరకు తుడుచుకొని, పొదుగు తాకినంత మెత్తగా ఎంటరు మీటను నొక్కెను. కిటికీ తెరచుకొనెను, మూసికొనెను. ప్రింటరు గొంతు సవరించుకొని, గురగురలాడి, పోలమ్మను వరుసలుగా బయటికి పంపసాగెను. ఫోల్డరు పేరున తేదీ, దాని వెనుక ఒక సున్నా, ఆ సున్నాను ఆనుకొని తొమ్మిది, తొమ్మిది వెనుక యాభైయేడు, ఒక్కటిగా అతుకుకొని నిలిచెను.

మూడు నిమిషములు గడచి పది కొట్టియుండినచో, గడియారము తానే ఆ గదిని నింపుకొనెడిది. శత్రువు తనంత తానే చచ్చెడివాడు, ఈ యుద్ధమే అక్కరలేకపోయెడిది. ఆ వదినగారు మాత్రము బండి వెనుక కూర్చుండి వచ్చుచుండెడివారు. యుద్ధములను కొలుచువారు ఈ మూడు నిమిషములను మరువరాదు.

"అయిపోయింది ఆదిశేషన్నా, పోలమ్మత్త చెయ్యి పడంగానే పోయింది," అని రాధాకుమారి గడపలో నిలిచి చెప్పెను. ఆదిశేషు బండి ఆపెను. టీ అంగడి వెంకటేశ్వర్లు గ్లాసులు కడుగుచునే ఆ మాట విని, పోలమ్మ ముట్టుకుంటే కంప్యూటరు బాగైందట అని తన బేరగాండ్రకు చెప్పెను. చేతులకును ఫైలునకును సంబంధము లేదని, పాలవానిదియు టీచరుగారిదియు ఏ తప్పును లేదని చెప్పుటకు మురళీధరుడు నోరు తెరచెను. పోలమ్మ అప్పటికే కుడిచేతిని చాచి ఆటోలను ఆపుచు రోడ్డు దాటుచుండెను. అతడు నోరు మూసికొనెను. పాలవానికి సాయంకాలము విడిగా చెప్పవచ్చునని అనుకొనెను.

కొంతసేపటికి ఆమె తిరిగి వచ్చెను. క్రొత్త అంగడిలో తాను తొలిబేరముగా కొన్న తువ్వాలును విప్పి, మురళీధరుని భుజముపై వేసెను.

"ముఖం తుడుచుకో, చెమటలు కారతండాయి," అనెను పోలమ్మ. తరువాత రాధాకుమారికి వినబడకుండ, "నా చెయ్యి సంగతి నాకు తెలుసులే నాయనా," అనెను.

ఇట్లు గిద్దలూరు పట్టణమున, రాచర్ల గేటు కడ, తువ్వాలుధారియై ఆ వీరుడు జయించిన భూమి వైశాల్యము ఒక్క అక్షరము. అందులో నిలిపిన జెండా ఒక్క సున్నా. కొమ్ములూదువారు ఎవ్వరును రాలేదు గనుక, ఆ విజయమును నేనే చాటుచున్నాను. అతడు ముఖము తుడుచుకొని, తరువాత ఎవరని అడిగెను.