పైపు కంపెనీది, గ్యాస్ మీది

కారులో ఏసీ చెడిపోవడం కంటే మనిషికి దక్కే గొప్ప అదృష్టం మరొకటి లేదు. అదీ వారంటీ ఉండగానే చెడిపోయిందంటే ఇక చెప్పేదేముంది, పూర్వజన్మ సుకృతమే!

నమ్మరా? అయితే ఆత్మకూరు ఆజం సారు సంగతి వినండి. విన్న తర్వాత, మీ కారులో ఏసీ ఇంకా చల్లగానే వస్తున్నందుకు మీరే సిగ్గుపడతారు.

ఆజం సారు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. ఉద్యోగం మొదట్లో సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద తిరిగిన మనిషి. కార్ల మీద మోజు ఏనాడూ లేదు. ఆయన భార్య సుల్తానాబీకి ఉబ్బసం. ఎండా, దుమ్మూ సోకితే చాలు, ఊపిరి అందక కూలబడిపోతుంది. ఈ రెండూ తగలకుండా చూసుకోమని వనపర్తి డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎండా దుమ్మూ లేని వేసవి పాలమూరు జిల్లాలో ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఆయన మందుల చీటీలో రాయలేదు. అందుకని ఆ ఇల్లాలు ఎండాకాలం వస్తే గడప దాటడమే మానేసింది.

ఇలా ఉండగా బల్మూరులో ఉన్న ఆమె చెల్లెలు షబానా, తన కూతురు సుహానాకు మే నెలలో పెళ్లి పెట్టుకుంది. ఈ సుహానాను కన్నది షబానాయే గానీ పెంచింది సుల్తానాబీ. పురిట్లో షబానా మంచం పడితే, పసిగుడ్డును ఆత్మకూరు తెచ్చుకుని, బడికి పోయే వయసు దాకా తన కొంగున కట్టుకు తిప్పుకుంది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దమ్మకు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది.

"ఖాలా, మొదటి పసుపు నువ్వే పెట్టాలె. నువ్వు రాకుంటే నేను పీట మీద కూసోను."

సుల్తానాబీ ఆ రోజు నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే వంట చేసింది. ఆజం సారు ఆ కూర తిని, మర్నాడే పీఎఫ్ మీద లోను పెట్టాడు. లోకంలో కొందరు హోదా కోసం కారు కొంటారు, కొందరు పక్కింటివాడి కోసం కొంటారు. ఆజం సారు కొన్నది ఏసీ. నాలుగు చక్రాలూ, స్టీరింగూ దానితో పాటు వచ్చాయి.

కొత్త బండి వస్తే మన దగ్గర ఊరికే నడపరు కదా! నేరుగా దర్గాకు తీసుకెళ్లాడు. ఫాతిహా చదివించి, బానెట్ నిండా గులాబీల చాదర్ కప్పించాడు. ఇంటికి రాగానే ఎదురింటి భీమమ్మ బండి ముందు కొబ్బరికాయ కొట్టి, అద్దం మీద గుప్పెడు అక్షింతలు చల్లింది. పూలు వాడిపోయేదాకా తీయకూడదని సుల్తానాబీ అంది. అక్షింతలు తుడిస్తే అరిష్టమని భీమమ్మ అంది. ఇద్దరు ఆడవాళ్ల మాట కాదని తుడిచే ధైర్యం లెక్కల సారుకు లేకపోయింది.

అది చలికాలం. ఏసీ ఎంత బ్రహ్మాండంగా పనిచేసిందంటే, సుల్తానాబీ శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. చలికాలంలోనే ఇంత చల్లగా ఉంటే ఎండాకాలంలో ఇంకెంత చల్లగా ఉంటుందోనని ఆజం సారు మనసులో త్రైరాశికం వేసుకుని పొంగిపోయాడు.

హోళీ వెళ్లిన వారానికి ఏసీలోంచి వేడిగాలి మొదలైంది.

ఇక్కడి నుంచే ఆయన అదృష్టం పండింది. చూడండి, ఏసీ బాగుంటే ఏం చేస్తాం? అద్దాలు బిగించుకుని, పక్కన పోయే మనిషి మొహం కూడా చూడకుండా దూసుకుపోతాం. ఏసీ చెడిపోతే? కంపెనీ సర్వీసు సెంటరు పాలమూరులో ఉంది కాబట్టి సెలవు దొరికినప్పుడల్లా పాలమూరు పోతాం. దేవరకద్ర రైల్వే గేటు దగ్గర అద్దాలు దించుకుని నిలబడతాం. దోసకాయలు అమ్మే ఆమె కష్టసుఖాలు అడుగుతాం. అలా ఆజం సారు ఆ గేటు దగ్గర ఎంతమందితో పరిచయం పెంచుకున్నాడంటే, సర్పంచ్‌గా నిలబడితే గెలిచేవాడే!

మొదటిసారి ఎండ పడకముందే బయలుదేరి, సెంటరు తెరిచే వేళకు చేరాడు. సూపర్‌వైజర్ శ్రీనివాస్ మెడకు టై కట్టుకున్న మర్యాదస్తుడు. కారును రేకుల షెడ్డు లోపలికి తోయించి, పక్కనే పెద్ద కూలర్ తిరుగుతుండగా, ఏసీ వేసి చెయ్యి పెట్టి చూశాడు.

"ఏసీ మంచిగనే ఉన్నది సార్. జర మీ ఆత్మకూరులనే ఎండ ఎక్కువున్నట్టున్నది."

ఎంత సూటిగా తేల్చాడో చూడండి. లోపం బండిలో లేదు, సూర్యుడిలో ఉంది. సూర్యుడు ఏ కంపెనీ వారంటీలోకీ రాడు. ఆజం సారు కృతజ్ఞతలు చెప్పి, దేవరకద్ర దాటేసరికి చొక్కా మొత్తం తడుపుకుని ఇల్లు చేరాడు.

రెండోసారి తెలివిగా మిట్టమధ్యాహ్నం పోయాడు. ఈసారి శ్రీనివాస్ కూడా ఒప్పుకున్నాడు. పైపులో ఎక్కడో సందు పడి గ్యాస్ కారిపోయిందట. వారంటీ ఉంది కదా అని సారు నిశ్చింతగా కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు శ్రీనివాస్ ఎంతో ఓపికగా వివరించాడు. పైపు వారంటీలోకి వస్తుంది. గ్యాస్ రాదు. పైపు కంపెనీది, గ్యాస్ మీది.

అయితే సందు పడ్డ పైపును మార్చండి అన్నాడు సారు. మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలి, సందు కంటికి కనిపిస్తేనే అనుమతి ఇస్తారు, ఇది కనిపించని సందు అన్నాడు శ్రీనివాస్. అప్పటిదాకా గ్యాస్ నింపుకుని పొండి అన్నాడు. సారు డబ్బు కట్టి గ్యాస్ నింపించుకున్నాడు. ఆ గ్యాస్ ఆత్మకూరు దాకా నమ్మకంగా తోడొచ్చి, రెండు రోజులు ఉండి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

శరీరం వేరు, అందులో ఉండి వెళ్లిపోయేది వేరు అని తెలుసుకోవడానికి జనం కొండలెక్కి తపస్సులు చేస్తారు. ఆజం సారుకు అది పాలమూరు బైపాస్ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఉచితంగా ఇచ్చిన టీ తాగుతుండగా తెలిసింది. ఇది వరం కాదా?

పైగా ఊళ్లో మరో మేలు జరిగింది. కారు కొన్న కొత్తలో దావత్‌కు ఇస్తవా సార్, చుట్టాలను దింపి వస్తవా సార్ అని వీధి వీధంతా గుమ్మం ముందు నిలబడేది. ఏసీ పోయిందని తెలిశాక ఒక్కరూ రాలేదు. అందరూ దూరం నుంచే పలకరించి, ఇంకా రిపేరు కాలేదా అని జాలిపడి, తమ దారిన తాము పోతున్నారు. అడగకుండా ఉండే చుట్టాలూ, ఆశపడకుండా ఉండే ఇరుగుపొరుగూ డబ్బు పెట్టి కొన్నా దొరకరు.

మధ్యలో ఆత్మకూరు బస్టాండు దగ్గరి మెకానిక్‌కు చూపిద్దామనుకున్నాడు. బయటివాళ్లు ఒక్క నట్టు ముట్టినా వారంటీ మొత్తం పోతుందని శ్రీనివాస్ ముందే హెచ్చరించి ఉన్నాడు. అందుకని ఆజం సారు ఆ మెకానిక్ ఎదురొస్తే కారును పక్క సందులోకి తిప్పుకుని పోయేవాడు. అనుమానపు మొగుడు కూడా పెళ్లాన్ని అంత కాపాడుకోడు!

ఏప్రిల్ గడిచింది. సుహానా రోజూ ఫోన్ చేసి, ఖాలా వస్తుంది కదా అని అడుగుతోంది. వస్తుందని సారే చెబుతున్నాడు. సుల్తానాబీ పెట్టె సర్దుకుంది. పిల్లకు పెట్టడానికి పసుపు కూడా తనే కొమ్ములు కొని, ఇంట్లో దంచి, జల్లించి మూటగట్టింది. దంచేటప్పుడు ఘాటుకు దగ్గు వస్తుందని ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ దంచింది. ఆ మూటను చూసినప్పుడల్లా ఆజం సారు పాలమూరు ప్రయాణం కట్టేవాడు.

చివరికి అనుమతి వచ్చింది. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పారు. విప్పగానే శ్రీనివాస్ మొహంలో ఇన్నాళ్లూ లేని వెలుగు వచ్చింది. ముందు అద్దం కింద ఉన్న జాలీలోంచి లోపలికి జారిన ఎండు గులాబీ రేకులు దోసెడు, పసుపు బియ్యం గుప్పెడు బయటపడ్డాయి. వాటన్నిటినీ పేపరు మీద పరిచి, సారును పిలిచి చూపించాడు. బయటి పదార్థం లోపలికి పోతే వారంటీ వర్తించదు.

ఇక్కడ కంపెనీ వారి సమదృష్టిని మెచ్చుకోకుండా ఉండలేం. దర్గా పూలకూ, భీమమ్మ అక్షింతలకూ ఆవగింజంత తేడా చూపలేదు. రెంటినీ ఒకే పేపరు మీద పెట్టి, ఒకే మాటతో తోసిపుచ్చారు. ఇంతటి మతసామరస్యం శాంతి కమిటీ మీటింగుల్లో కూడా కనిపించదు.

పూలరేకులు పైపుకు సందు ఎట్లా పెడతాయి, గ్యాస్‌ను ఎట్లా తాగుతాయి అని లెక్కల సారు అడిగాడు. అది టెక్నికల్ విషయం సార్ అన్నాడు శ్రీనివాస్. సారు తన జీవితంలో సమాధానం లేని లెక్కకు అంత చక్కటి సమాధానం వినలేదు. ఊళ్లో ఈ సంగతి తెలిసి భీమమ్మ గుమ్మంలో నిలబడి, నా అక్షింతలే ముంచినయా సారూ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. లేదమ్మా అని ఆమెను ఓదార్చడానికే ఆయనకు ఒక సాయంత్రం పట్టింది.

ఇక వారంటీ వద్దు, మొత్తం ఖర్చు నాదే, పసుపు నాటికి బండి ఇయ్యి చాలు అన్నాడు ఆజం సారు. పసుపుకు ముందు రోజే ఇస్తానని శ్రీనివాస్ మాట ఇచ్చాడు. నిజానికి మాట తప్పలేదు కూడా. కంపెనీ నుంచి పైపు ఆ రోజే వచ్చింది. వేరే మోడల్ బండిది వచ్చింది, అంతే.

ఉత్తచేతులతో బస్సులో తిరిగొచ్చి, ఆజం సారు ఏసీ టాక్సీల కోసం ఫోన్లు చేశాడు. పెళ్లిళ్ల నెల. వనపర్తిలోనూ, గద్వాలలోనూ ఉన్న ఏసీ బండ్లన్నీ పెళ్లికొడుకుల కింద ఉన్నాయి. ఆయన ఫోన్ పక్కన పెట్టి భార్య మొహం చూడలేక నేల చూస్తూ కూర్చున్నాడు.

"గట్ల కూసుంటరేంది. బస్సున్నది కదా, పోదాం. నేను పోకుంటే పోరి పీటెక్కనన్నది" అంది సుల్తానాబీ.

తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరారు. ముక్కుకు తడి దుపట్టా చుట్టుకుని, పసుపు మూట ఒళ్లో పెట్టుకుని ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. వనపర్తి దాటాక రోడ్డు వెడల్పు పని. మొరం కుప్పలు, ముందు లారీలు. దుపట్టా ఎండిపోయింది. నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగేసరికి ఆమెకు మాట రావడం లేదు. ఆజం సారు ఆటో మాట్లాడి దవాఖానకు చేర్చాడు. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం దాకా కదపొద్దన్నారు, ఆ పైన నేరుగా ఇంటికే పొమ్మన్నారు.

బల్మూరులో పిల్ల నిజంగానే పీట ఎక్కలేదు. మధ్యాహ్నం దాకా చూసింది. చివరికి ఆజం సారే ఫోన్ చేసి, బిడ్డా, మీ ఖాలా కూసోమంటున్నది అని చెప్పాడు. మాస్కు పెట్టుకున్న సుల్తానాబీ అవునన్నట్టు చెయ్యి ఊపింది, ఆ చెయ్యి ఫోనులో కనిపించదని తెలిసీ ఊపింది. ఎవరో మొదటి పసుపు పెట్టారు. ఆడవాళ్లు ఢోలక్ పాటలు మొదలుపెట్టారు. ఆజం సారు ఫోనును భార్య చెవి దగ్గర పట్టుకుని, తను గోడ వైపు తిరిగి, వార్డులో అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

జూన్‌లో వానలు పడ్డ వారానికి కారు తిరిగొచ్చింది. ఏసీ మంచుకొండలా ఉంది. ఇప్పుడు వెళ్లాల్సిన చోటు లేకపోయినా ఆజం సారు సాయంత్రాలు ఇంటి ముందే ఇంజన్ వేసి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. కాసేపు చల్లగా కూర్చుని ఇద్దరూ లోపలికి వెళ్లిపోతారు.

అలా కూర్చున్న ఒక సాయంత్రం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సర్వీసు ఎలా ఉందో తెలుసుకోవడానికి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి చేసింది. ఆజం సారు ఫోన్ సుల్తానాబీకి ఇచ్చాడు. సిబ్బంది మర్యాదగా ఉన్నారా, టీ ఇచ్చారా, బండి కడిగి ఇచ్చారా అని ఆ అమ్మాయి అడుగుతుంటే, అన్నిటికీ ఆమె అవునంది. ఏసీ చల్లదనానికి పదికి ఎన్ని మార్కులిస్తారు మేడం అని అడిగింది.

"పదికి పది రాసుకో బిడ్డా. మస్తు సల్లగున్నది. దీంట్ల కూసొని పోవాల్సిన పెండ్లే అయిపోయింది."

ఆ అమ్మాయి, పెళ్లి గురించి తమ దగ్గర ప్రశ్న లేదని మర్యాదగా చెప్పి, పదికి పది వేసుకుంది.